పాతరలోకి దింపిన దీపం

మొన్న మా అపార్టుమెంటుకు, మంటలార్పే ఎర్ర సిలిండర్లు అమర్చే కంపెనీ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కార్లు నిలిపే చోటికి అందరినీ పిలిచి, ఇనుప తట్టలో డీజిలు పోసి ముట్టించాడు. మంట నడుమెత్తున లేచింది. సిలిండరుకున్న నల్లటి గొట్టాన్ని దానివైపు తిప్పి నొక్కాడు. బుస్సుమని తెల్లటి పొగలాంటిది వచ్చింది. మంట గింజుకోలేదు. ఉన్నట్టుండి లేకుండా పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"కార్బన్ డయాక్సైడ్ అమ్మా," అన్నాడు, ముందు కుర్చీలో కూర్చున్న నన్ను చూసి. "మంటకు ఊపిరందకుంట చేస్తది."

"మనిషికి?" అన్నాను.

"మనిషికీ అంతేనమ్మా. అందుకే మూసిన అర్రల దీన్ని కొట్టొద్దు."

నేను లేచి మెట్లెక్కి పైకి వచ్చేశాను. ఎవరో చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను. ఈ వయసులోనూ నేను ఒకరి ఆసరాతో నడవను. ఆ రోజంతా నా ముక్కుకు పులిసిన జొన్నల వాసన వచ్చింది.

మా ఊరు గోదావరికి అవతల, చెన్నూరు వైపు. ఊరి నడుమ మా గడి, కోటలాంటి దొరల ఇల్లు. గడుల గురించి ఇప్పుడు చాలామంది చాలా రాస్తున్నారు. వాటిలో నిజమెంతో నాకు తెలుసు, కానిదెంతో కూడా తెలుసు. వాళ్ళతో వాదించడానికి ఇది రాయడం లేదు. నాకు ఊహ తెలిసేనాటికే ఆ పెద్దరికం ముగిసింది. కౌలుదారు చట్టం వచ్చి భూములు దున్నేవాళ్ళవి అయ్యాయి. గడిలో పడమటి వైపు కప్పు కూలింది. దాన్ని నిలబెట్టే శక్తి లేక బాపు ఆ తలుపుకు తాళం వేసి, ఎవరడిగినా "అటు పాములున్నయి" అని చెప్పేవాడు. మా ఇంట్లో పేదరికానికి పాములని పేరు.

వాకిట్లో రెండు పాతరలు ఉండేవి. ఈ కాలం వాళ్ళకు పాతరంటే తెలియదు. నేలలో మూడు బారల లోతున బావిలా తవ్వి, చుట్టూ వరిగడ్డి, వేపాకు పరిచి, జొన్నలు నింపి, పైన బండ పెట్టి పేడమట్టితో మెత్తేవారు. మూతి ఒక మనిషి దూరేంత. కిందికి పోయేకొద్దీ వెడల్పు. జొన్నలు అందులో ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా ఉండేవి. వాటి రొట్టె కొంచెం పుల్లగా, బూజు వాసనతో ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మా బాపమ్మ మాత్రం పాతర జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉంటే ఇంకేదీ ముట్టేది కాదు. "గీ రొట్టెల గడి వాసన ఉంటది బిడ్డా," అనేది.

పాతర తీయడానికి ఒక మనిషి ఉండేవాడు. వాళ్ళ తండ్రి, తాత కూడా మా పాతరలే తీశారు. మా ఇంట్లో పనివాళ్ళను వరస పెట్టి పిలవడం లేదు. నేను మాత్రం ఎవరూ లేనప్పుడు అతన్ని తాతా అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్ళు కొంచెం మసక. ఇప్పపూల కాలంలో అడవి నుంచి ఎండు పువ్వు తెచ్చి, బెల్లంతో దంచి, మోదుగాకులో కట్టి నాకు ఇచ్చేవాడు. బాపమ్మ చూస్తే నా నోరు కడిగించేది.

మూసిన పాతరలోకి ఊరికే దిగకూడదు. ముందురోజు బండ జరిపి, రాత్రంతా తెరిచి ఉంచాలి. తెల్లారాక ఇత్తడి దీపాన్ని తాడుకు కట్టి అడుగుదాకా దింపాలి. తాడుకు బారకొక ముడి, మొత్తం మూడు ముడులు. మూడో ముడి దగ్గర కూడా దీపం వెలుగుతూ ఉంటేనే మనిషి దిగుతాడు. ఆ దీపాన్ని దింపేది మాత్రం గడి వారసులే. గింజ మాది, దిగే ప్రాణం వాళ్ళది, కాబట్టి హామీ మా చేత్తో ఉండాలని పెద్దలు పెట్టిన పద్ధతి. దీపం దిగుతున్నంతసేపూ మిగిలినవాళ్ళంతా వీపు తిప్పి నిలబడాలి. గింజకు దిష్టి తగులుతుందట. బాపుకు కొడుకులు లేరు. అందుకని ఆ హామీ నా చేతికి వచ్చింది.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. కరీంనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. మాకు సైన్సు చెప్పే సారు అంతకుముందు ఉర్దూలో చెప్పేవాడు. మా కోసం తెలుగు మాటలు నేర్చుకుంటున్నాడు. ఒకనాడు మూడు సీసాల్లో మూడు రకాల గాలి పట్టి బల్లమీద పెట్టాడు. మూడూ ఖాళీగానే కనిపించాయి.

"దేఖో బిడ్డా. కంటికి మూడూ ఒక్కటే. ఆగ్‌కు, మంటకు, తెలుస్తది ఎవలు దోస్త్, ఎవలు దుష్మన్."

ఆరిపోతున్న పుల్లను మొదటి సీసాలో పెడితే భగ్గున మండింది. "ప్రాణవాయువు." రెండోదాని మూతి దగ్గర పెడితే ఠప్పుమని పేలింది. ముందు వరస పిల్లలు కేక పెట్టారు. "ఉదజని. గిది తనే కాలుతది, పాగల్." మూడోదాంట్లో మండుతున్న పుల్ల పెట్టాడు. చప్పుడు లేదు. ఆరిపోయింది. "బొగ్గుపులుసు వాయువు. గిది షరీఫ్, పెద్దమనిషి. నోరు తెరవది, ఖతం చేస్తది."

తరవాత ఒక గాజు తొట్టిలో మెట్లమెట్లుగా మూడు కొవ్వొత్తులు నిలబెట్టి, అంచు నుంచి ఆ మూడో గాలిని నీళ్ళలా వంచాడు. అట్టడుగు కొవ్వొత్తి ముందు ఆరింది. తరవాత నడిమిది. పైది వెలుగుతూనే ఉంది.

"ఎందుకు? బరువు. గీ గ్యాసు కింద కూసుంటది. పైనోడు బతికిండు గదాని కిందోడు బతికిండనుకోవద్దు."

ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ విద్య బాపమ్మ మీద ప్రయోగించాను. చెంబులో వంటసోడా వేసి నిమ్మకాయ పిండి, నురగ తగ్గాక, ఆమె దీపం మీద చెంబును వంచాను. చుక్క నీరు పడలేదు. దీపం ఆరిపోయింది.

"ఓ పిల్లా! ఏం మంత్రం పెట్టినవే?" బాపమ్మ పీట మీద నుంచి లేచిపోయింది. "పట్నం పోయి గిదేనా నేర్చుకున్నది?"

వాకిట్లో తాళ్ళు పేనుతున్న పాతర తాత అరుగు దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాను. దీపం ఆరగానే పకపకా నవ్వాడు.

"మా పాతర్ల గాలి చిన్న దొరసాని చెంబులకెట్ల వచ్చె?"

"పాతరలో ఇదే ఉంటదా?"

"గిదే. కింద పండుకొని ఉంటది. లేపితే లేస్తది, లేపకుంటే మనల్నే పండవెడ్తది." మళ్ళీ నవ్వాడు. "మీ సారు ఎన్ని పాతర్లు దిగిండు?"

ఆ తరవాత వారానికి ఊరివాళ్ళు నలుగురు గడికి వచ్చారు. పోచమ్మ పండుగకు మొదటి నైవేద్యం జొన్నలు ఎప్పుడూ మా పాతరలోవే. ఇంటింటికీ ఒక కుంచెడు మా వాకిట్లోనే కొలిచేవారు. వచ్చినవాళ్ళు అరుగు కిందే నిలబడ్డారు. చెప్పులు కూడా విప్పారు. అయినా మాట అన్నారు.

"దొరా, గీ ఏడు మీరు ఫికర్ చెయ్యకున్రి. ఊరోళ్ళం తలా ఇంత ఏసుకుంటం."

వాళ్ళు జాలితోనే అన్నారు. అది జాలి అన్నదే బాపుకు తగిలింది.

"ఎందుకు ఏసుకుంటరు? గడి కూలిపోయిందని ఎవడు చెప్పిండు?"

"గట్ల గాదు దొరా..."

"తూర్పు పాతర తీస్తున్న. ఎల్లుండి పొద్దుగాల గంపలు పట్టుకొని రాన్రి. ఇంటింటికి ఇస్త."

వాళ్ళు పోయాక లోపల అవ్వ, అంటే మా అమ్మ, గొంతు తగ్గించి అడిగింది. "అండ్ల ఏమున్నదని తీస్తరు? ఐదేండ్ల కింద అడుగు దాక తీసిందే గదా?"

"అడుగున ఉన్నయి. పండుగకు సరిపోతయి."

"ఊరంత వంగి చూస్తరు. ఒక్క వరస గింజలు చూసి పోతరు."

 "ఎవ్వల్ని చూడనియ్య," అన్నాడు బాపు. పెరుగు గిన్నె ముందు కూర్చున్న నేను అంతా విన్నాను.

ఆ రెండు రోజుల్లో బాపు చేసిన పని ఒక్కటే. ముందురోజు బండ తీయించలేదు. రాత్రంతా తెరిచి ఉంచితే వచ్చేపోయే ప్రతివాడూ తొంగి చూస్తాడు. పొద్దున్నే తీసి, వెంటనే మనిషిని దింపి, గంపలు నింపి పైకి పంపితే, అడుగు ఎవరికీ కనబడదు. జనాన్ని ప్రహరీ గేటు బయట నిలబెట్టాడు.

పాతర తాత పొద్దున్నే వచ్చాడు. వెంట అతని అల్లుడు. బండ ఇంకా మెత్తి ఉండడం చూసి నిలబడిపోయాడు.

"దొరా, గియ్యాల తెరుద్దం. దిగుడు రేపు పెట్టుకుందం. ఐదేండ్లు మూసిన పాతర. దాని ఊపిరి మంచిగుండది."

"నా పాతరకు నువ్వు వాయిదా పెడ్తవారా?"

"పాతర మీదే దొరా. ఊపిరే నాది." నవ్వుతూనే అన్నాడు.

బాపు నవ్వలేదు. "దీపం దింపుతం గదా. నిలవడకుంటే దిగకు."

ఆ మాటతో అతను సరేనన్నాడు. దీపం మీద అతనికి అంత నమ్మకం. మామా అల్లుళ్ళు గడ్డపారతో బండ జరిపారు. పుల్లటి వెచ్చటి వాసన మొహాలకు కొట్టింది. తరవాత వాళ్ళిద్దరూ పద్ధతి ప్రకారం గేటు దగ్గరికి పోయి, వీపు తిప్పి నిలబడ్డారు. పాతర దగ్గర నేను, బాపు మిగిలాం. తలుపు వెనక బాపమ్మ.

బాపమ్మ ఇచ్చిన తాడు చుట్టగా ఉంది. మొదటి ముడి దాటి రెండు మూరల వరకూ వదులుగా, మిగిలిన చుట్టను పసుపు దారంతో కట్టి ఉంచేది; ఇంకా దింపాలంటే దారం తెంపాలి. దీపాన్ని కొసకు కట్టి, వంగి, దింపాను. మొదటి ముడి నా చేతిలోంచి జారింది. ఇంకో మూరెడు వదిలానో లేదో, కింది వెలుగు లేకుండా పోయింది. మా చెంబు కింద ఆరినట్టే.

పైకి లాగాను. బాపు అగ్గిపుల్ల గీశాడు.

"గాలికి ఆరింది. మల్ల దింపు."

పాతరలో ఏ గాలి వీస్తుంది? నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన గేటు వైపు చూస్తున్నాడు. మళ్ళీ దింపాను. మొదటి ముడి దాటిన మూరెడుకే మళ్ళీ ఆరింది.

బాపు మూడోసారి పుల్ల గీసి దీపం ముట్టించాడు.  గేటు బయట గంపలతో ఊరంతా వీపు తిప్పి నిలబడి ఉంది. ఎవరో నవ్విన చప్పుడు వచ్చింది. మమ్మల్ని చూసి కాదు, ఏదో వాళ్ళ మాటకు నవ్వుకున్నారు. నాకు మాత్రం చెవులు కాలాయి.

"జనం ఎదురు చూస్తున్నరు బిడ్డా," అన్నాడు బాపు.

అంతే అన్నాడు. అబద్ధం చెప్పమనలేదు. ఆ మాట నేను ఆయన మీద పెట్టను.

మూడోసారి దింపాను. మొదటి ముడి చేతికి తగలగానే ఆపేశాను. దీపం నిశ్చలంగా వెలుగుతోంది. దాని కింద మూరెడు దూరం నుంచి ఏముందో నాకు తెలుసు. సారు గాజు తొట్టిలో చూపించాడు. పైనోడు బతికిండు గదాని కిందోడు బతికిండనుకోవద్దు. ఆ మాట నాకు ఆ క్షణం వినిపించింది కూడా. తాడు పట్టుకుని ఉండవలసినంతసేపు ఉన్నాను. అడుగుదాకా దింపడానికి పట్టేంతసేపు.

గేటు దగ్గర నుంచి, వీపు తిప్పుకునే, అతను ఆనవాయితీగా అడిగాడు. "దీపం?"

"నిలవడ్డది," అన్నాను.

మూతి ఇరుకు కనుక మనిషి దిగేముందు దీపాన్ని పైకి తీస్తాము. అది వెలుగుతూనే పైకి వచ్చింది. ఇటు తిరిగి, గేటు సందుల్లోంచి ఊరంతా చూసింది. పాతర తాత దగ్గరికి వచ్చి దీపానికి రెండు చేతులెత్తి మొక్కాడు. దీపం నిలబడిందంటే నడుముకు తాడు కట్టుకోడు. అది కట్టుకుంటే దీపాన్ని అనుమానించినట్టు. గోడలో కోసిన మెట్టుగుంటల్లో కాళ్ళు పెట్టి దిగుతూ, మెడదాకా పోయాక నావైపు చూసి, "రొట్టెలు చేపియ్యి చిన్న దొరసానీ, నాకు రెండు," అన్నాడు.

"తాతా," అన్నాను. నేను చెప్పబోయాననే నా నమ్మకం. కానీ బాపు ముందు, అల్లుడి ముందు, అతన్ని ఆ వరసతో పిలిచినందుకు సిగ్గేసి ఆగిపోయాను. అంతలో తల కిందికి పోయింది.

"గంప ఇడువు," అని ఒక్క కేక వినిపించింది. అల్లుడు గంప దింపాడు. తాడు వదులుగానే ఉండిపోయింది.

"మామా... ఓ మామా!"

అతను దూకబోతే బాపే నడుము పట్టి వెనక్కి గుంజాడు. "నీళ్ళు! వేప మండలు!" అని బాపు అరిచాడు. గేటు తెరుచుకుంది. ఊరు లోపలికి వచ్చింది. ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు కుమ్మరించారు. మగవాళ్ళు వేపకొమ్మల కట్టను తాడుకు కట్టి పాతరలోకి వేసి తీస్తూ, వేసి తీస్తూ, లోపలి గాలిని కలిపారు. ఆ పని ముందే, ముందురోజే చేయవలసింది. చాలాసేపటికి అల్లుడు నడుముకు తాడు కట్టుకుని, మొహానికి తడిగుడ్డ చుట్టుకుని దిగి, అతన్ని పైకి తెచ్చాడు.

వాకిట్లో పక్కకు ఒరిగించి పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. తడిసిన చెంప మీద జొన్నగింజలు అంటుకుని ఉన్నాయి. అతని భార్య వాటిని ఒక్కొక్కటే తీసింది.

"దీపం నిలవడ్డది గదా, ఎట్లయిందే?" అని ఎవరో అన్నారు.

"పెద్ద మనిషాయె. గుండె ఆగి ఉంటది," అన్నారు ఇంకెవరో.

అతని భార్య తలెత్తి నన్ను అడిగింది. అనుమానంతో కాదు, ఓదార్పు కోసం. "దీపం మంచిగనే నిలవడ్డదా, చిన్న దొరసాని?"

"నిలవడ్డది."

ఆ సందడిలో పాతర అడుగును ఊరంతా చూసింది. నీళ్ళలో తేలుతున్న ఒక్క వరస గింజలు.  పోచమ్మ పండుగకు వాళ్ళే తలా ఇంత వేసుకుని, మొదటి కుంచం గడి పేరునే పెట్టారు. ఆ కబురు విని బాపు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ తరవాత ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం నేను చూడలేదు.

ఆ సాయంత్రం బాపమ్మ వంటింట్లో తాడును ఒళ్ళో పెట్టుకుని తడుముతూ కనిపించింది. పసుపు దారం తెగలేదు. రెండో ముడి, మూడో ముడి చుట్టలోనే ఉన్నాయి. ఆమె వేలు ఆ దారం మీద చాలాసేపు ఆగింది. తలెత్తి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. మా ఇంట్లో చూపు తిప్పుకోవడం నేర్పలేదు.

తాడును మొత్తంగా పొయ్యిలోకి తోసింది. అది కాలుతుంటే, "అన్నం తిందువు రా బిడ్డా," అంది. చనిపోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. పాతర జొన్నరొట్టె మాత్రం మళ్ళీ ముట్టలేదు.

సెలవులయ్యాక బస్సెక్కి కరీంనగరం పోయాను. పరీక్షల ముందు సారు పాత పాఠాలు తిరగేస్తూ మళ్ళీ ఆ గాజు తొట్టి, మూడు కొవ్వొత్తులు పెట్టాడు. "అట్టడుగుది ముందు ఎందుకు ఆరె? నువ్వు చెప్పు బిడ్డా," అని నన్నే లేపాడు. లేచి నిటారుగా నిలబడ్డాను. తెలియదన్నాను.

అంతకుముందు, నేనింకా ఊళ్ళో ఉండగానే, అతని పదకొండో రోజు ముగిశాక అతని భార్య గడికి వచ్చి అవ్వను ఒక్కటే అడిగింది. ధాన్యం కాదు, భూమి కాదు.

"గా దీపం నాకిప్పియ్యున్రి దొరసాని. నా మనిషి ఆఖరుకు మొక్కింది దానికే."

ఇచ్చారు.

కొన్నేళ్ళకు గడి అమ్ముడుపోయింది. మేము ఊరు విడిచే రోజు బండి కదలడానికి ముందు నేనొక్కదాన్నే ఆమె ఇంటికి పోయాను. చెప్పాలనే పోయాను. పొద్దు వాలుతోంది. ఆమె చింతపండుతో తోమిన దీపాన్ని గూట్లో పెట్టి ముట్టిస్తోంది. బంగారంలా మెరుస్తోంది. నన్ను చూసి గాభరాగా కొంగు సర్దుకుంది.

"లోపలికి రా చిన్న దొరసాని. చూడు, ఒక్కనాడు ఆరిపోనియ్యలే. నా మనిషికన్న ముందుగాల అడుగు చూసి వచ్చిన దీపం గదా."

అది అడుగు చూడలేదు. మొదటి ముడి దగ్గర ఆగింది.

ఆమె ఇంటి గుమ్మం నా భుజాల ఎత్తు. లోపలికి పోయి చెప్పాలంటే వంగాలి. నేను వాకిట్లోనే నిలబడి, వెలుగుతున్న దాన్ని కాసేపు చూసి, వచ్చేశాను.